లువో వారి ఆకుకూరలు: సంతలో నిలిచినవి, చేలో చెదిరినవి

పశ్చిమ కెన్యాలో విక్టోరియా సరస్సు నేలలోకి చొచ్చుకొచ్చిన చోటును వినాం అఖాతం అంటారు. దాని చుట్టూ ఉన్న సియాయా, కిసుము, హోమా బే, మిగోరి కౌంటీలు లువో ప్రజల స్వస్థలం. 2019 జనాభా లెక్కల ప్రకారం కెన్యాలో వారి సంఖ్య సుమారు 50 లక్షలు. సరస్సు వెంట దక్షిణంగా వెళితే టాంజానియాలోని మారా ప్రాంతంలోనూ లువో ఊళ్లు కనిపిస్తాయి. లువోల భోజనం అనగానే బయటివారికి ముందుగా చేప గుర్తుకు వస్తుంది. సరస్సు ఒడ్డున ఉన్న జాతి గనుక అది సహజమే. అయితే సరస్సుకు దూరంగా, మెట్టచేల నడుమ ఉన్న వేలాది ఇళ్లలో కుయోన్ అనే గట్టి సంకటికి రోజూ తోడుగా వచ్చేది ఆకుకూరే. లువో భాషలో ఆకుకూరలన్నింటికీ కలిపి ‘అలోత్’ అని పేరు. జొన్న, రాగుల కాలంలో సంకటిని నంజుకోవడానికి అలోత్ ఉండేది, సంకటి మొక్కజొన్న పిండిదయ్యాక కూడా అదే ఉంది.

ఈ కూరల చరిత్రను ఇటీవలి సంవత్సరాల్లో ఒక విజయగాథగా చెప్పడం అలవాటయింది. పేదల తిండి అని ఒకప్పుడు పక్కకు నెట్టిన ఆకులు నైరోబీ సూపర్ మార్కెట్లకు చేరాయి, హోటళ్ల పట్టికల్లోకి ఎక్కాయి, విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో చోటు సంపాదించాయి. ఇదంతా నిజమే. అయితే అలా గౌరవం తిరిగి పొందినవి ఆరేడు మొక్కలు మాత్రమే. ఒక తరం కిందటి లువో గృహిణికి తెలిసిన తినదగిన ఆకుల జాబితా పదుల సంఖ్యలో ఉండేది. ఆ జాబితాలో అధిక భాగం ఎవరూ విత్తనివి, ఎవరూ అమ్మనివి. అవి ఇప్పటికీ మాయమవుతూనే ఉన్నాయి. సంతలో గెలిచిన కూరలను లెక్కబెట్టి సంప్రదాయం నిలిచిందని అనుకోవడం పొరపాటవుతుంది.

తెలుగు పాఠకులకు ఈ మొక్కల్లో చాలా వరకు పరాయివి కావు. లువోలు డెక్ అని, కొన్ని చోట్ల అకేయో అని పిలిచేది మన చేలగట్ల మీద మొలిచే వామింటే. ఒసుగా మన కామంచికి అతి దగ్గరి చుట్టం. నారింజ రంగు పండ్లు కాసే రకాన్నీ, వెడల్పాటి ఆకులతో నల్లటి పండ్లు కాసే రకాన్నీ అక్కడ కూరగా వండుతారు. అపోథ్ అంటే పరింటాకు, అంటే గోనెసంచుల నారనిచ్చే జనపనార జాతుల్లో ఒకటి. బో బొబ్బరాకు, ఒడోడో తోటకూర, సుసా గుమ్మడాకు. మితో మన జనుముతోపాటు ఒకే ప్రజాతికి చెందిన మొక్క, దాని సన్నటి ఆకులకు ఒక రకమైన చేదు ఉంటుంది. కందీరా ఆవమొక్క కోవకు చెందినది. ఇవన్నీ కొంతో గొప్పో విత్తి పెంచుకొనేవి. వీటికి అవతల విత్తకుండా మొలిచేవి ఉన్నాయి. అతిపా అనే చిన్నపూల మొక్క, వెన్నదేవి కూర జాతికి చెందిన ఒడియెలో, పుల్లటి ఆకులతో పాటు కాళ్లకు గుచ్చుకొనే ముళ్లకాయలుండే అవాయో, తుంచితే పాలు కారే చేదు ఆకు అచాక్ అలాంటివే. ఒక్కో ఊరిలో ఈ జాబితా ఒక్కో విధంగా ఉంటుంది. ఒకే మొక్కకు పొరుగు ఊరిలో వేరే పేరు ఉండటం కూడా సాధారణం.

వీటిని అడవి కూరలు అనడం వాడుకే గానీ, వీటిలో అధిక భాగం అడవిలో మొలిచేవి కావు. దున్నిన నేల, పశువుల కొట్టం పక్కన ఎరువు పడిన నేల, పాడుపెట్టిన చేను, కాలిబాట అంచు, పాత ఇంటి గోడలు కూలిన చోటు వీటి నివాసాలు. అంటే మనిషి కదిలించిన నేలలోనే ఇవి బతుకుతాయి. మొక్కజొన్న చేలో మొదటి కలుపు తీసేటప్పుడు లువో స్త్రీలు అన్నింటినీ పెరికి పారేయరు. డెక్, ఒసుగా, అతిపా మొక్కలు పైరుకు మరీ అడ్డు కానంత వరకు వాటిని ఉంచుతారు, వంటకు కోస్తారు, రెండో కలుపు నాటికి గింజ రాలేలా కొన్నింటిని వదిలేస్తారు. ఏరుకోవడానికీ సేద్యానికీ మధ్య గీత ఇక్కడ చాలా పలచగా ఉంటుంది. ఇంటి పక్కన ‘ఒరుందు’ అనే చిన్న పెరటి మడి ఉండేది. చేలో తానుగా మొలిచిన మొక్క నచ్చితే దాని గింజను తెచ్చి ఆ మడిలో చల్లుకొనేవారు. తరతరాలుగా సాగిన ఈ ఎంపిక వల్లనే డెక్, ఒసుగా వంటివి సగం కలుపుగా, సగం పంటగా మిగిలాయి.

రుతువును బట్టి కంచం మారుతుంది. మార్చి నుంచి మే వరకు సాగే పెద్ద వానల కాలాన్ని ‘చ్విరి’ అంటారు. అప్పుడు ఆకులు కావలసినన్ని. ‘ఒపోన్’ అనే చిన్న వానలు సంవత్సరం చివరి నెలల్లో వస్తాయి. వీటి నడుమ వచ్చే ఎండుకాలం ‘ఒరో’లో లేత ఆకు దొరకడం కష్టం. పెద్ద వానల కాలంలోనే కిందటి పంట గింజలు గాదెలో అడుగంటుతాయి. కొత్త పంట చేతికి రావడానికి ఇంకా వారాలు పడుతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే విత్తకుండా మొలిచిన కూరలు విరివిగా దొరుకుతాయి. గింజ తక్కువైన కాలాన్ని ఆకు దాటించింది. పోషకాల పట్టికలు చెప్పని సేవ ఇది, ఈ కూరల అసలు విలువ అంచనా వేయాలంటే ముందుగా దీన్నే చూడాలి.

ఇక వంట దగ్గరికి వస్తే, ఈ సంప్రదాయంలోని తెలివి మొక్కలను గుర్తించడంలో ఎంత ఉందో, వాటిని ఒకదానితో ఒకటి కలపడంలోనూ అంతే ఉంది. లువో ఇంటిలో ఒక్క ఆకుతోనే కూర వండటం అరుదు. ఒసుగా చేదు, డెక్ మరింత చేదు, మితో చేదుకు ఒక ఘాటు కూడా తోడు. అపోథ్ జిగురు, బో చప్పన, అవాయో పులుపు. జిగురు గల అపోథ్‌తో కొంచెం మొరటుగా ఉండే బో ఆకును కలిపితే మింగుడు సులువవుతుంది. చేదు మితోను అపోథ్‌తో కలిపితే జిగురు చేదును కప్పుతుంది. ఆరోజు దొరికిన ఆకులు ఏవి, ఎంత ముదిరినవి, ఇంటిలో పాలు ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఈ పాళ్లు మారతాయి. ఏ ఆకు ఎంత ముదిరితే ఎంత చేదెక్కుతుందో తెలిసిన చేతికే ఆ కూర కుదురుతుంది.

డెక్ వండే పద్ధతి ఓపికతో కూడినది. కాడలు, పూల కొసలు తీసేసి ఆకులను కడిగి ‘అగులు’ అనే మట్టికుండలో ఉడికిస్తారు. చేదు ఎక్కువైతే మొదటి నీటిని వంపేస్తారు. తరువాత పచ్చి పాలో, పులిసిన పాలో పోసి సన్నటి సెగ మీద మరిగించి రాత్రంతా అలాగే ఉంచుతారు. మర్నాడు మళ్లీ కొంచెం పాలు పోసి వేడిచేస్తారు. రెండు మూడు రోజులు ఇలా సాగాక పాలు ఆకులో ఇంకిపోయి కూర చిక్కబడుతుంది, చేదు పూర్తిగా పోకుండా మెత్తబడుతుంది. చేదు ఉండాలి, అది నాలుక మీద నిలవాలి, కానీ గొంతులో అడ్డుపడకూడదు. పెద్దతరం రుచికి ప్రమాణం ఇదే. కొత్తగా ప్రసవించిన తల్లికి డెక్ తప్పకుండా పెట్టడం కెన్యాలో ఒక్క లువోలకే కాక ఇరుగుపొరుగు జాతులకూ ఉన్న ఆచారం. ఒసుగాను కడుపునొప్పికి మందుగానూ వాడతారు. ఈ చేదు ఆకులలో కూరకూ మందుకూ మధ్య గట్టి హద్దు ఎప్పుడూ లేదు.

అపోథ్ వండే తీరు వేరు. పప్పుధాన్యాల పొట్టునో ఎండిన మొక్కల కాడలనో కాల్చిన బూడిదలో నీరు పోసి వడగట్టి, ఆ క్షారజలాన్ని మరిగే నీటికి కలుపుతారు. ఆ నీటిలో ఆకు త్వరగా మెత్తబడుతుంది, ఆకుపచ్చ రంగు చెడదు, జిగురు బాగా విడుదలవుతుంది. మూత పెడితే నురగ పొంగి కుండ దాటుతుంది గనుక మూత లేకుండానే కలుపుతూ ఉడికిస్తారు. ఈ కూరను తినేటప్పుడు కుయోన్ ముద్దను వేళ్లతో గుండ్రంగా చేసి బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటలోకి కూరను ఎత్తుకొని, తీగలా సాగే జిగురును ముద్ద చుట్టూ తిప్పి తెంపుతారు. బూడిద నీటి స్థానంలోకి ఇప్పుడు చాలా ఇళ్లలో వంటసోడా వచ్చింది. క్షారం ఎక్కువైతే కొన్ని విటమిన్లు నశిస్తాయన్నది వాస్తవమే. పాత పద్ధతి అన్న ఒకే కారణంతో ప్రతిదీ ఆరోగ్యకరమని చెప్పడం సరికాదు. కుండలో ఎక్కువసేపు ఉడికించి నీరు వంపేస్తే విటమిన్ ‘సి’లో పెద్ద భాగం పోతుంది. అయితే అదే వంటలో పోసిన పాలు, నెయ్యి మరొక మేలు చేస్తాయి. ఆకుల్లో విటమిన్ ‘ఎ’గా మారే కెరోటిన్ శరీరానికి పట్టాలంటే కొవ్వు కావాలి. పాలలో వండిన డెక్‌లో ఆ కొవ్వు ఉంటుంది. ఆవులు తగ్గి, పాలు అమ్మకానికి పోతున్న ఇళ్లలో అదే ఆకు వట్టి నీటిలో ఉడుకుతుంది. ఆకులో పోషకం ఉన్నంత మాత్రాన అది ఒంటికి చేరినట్టు కాదు.

పోషకాల విషయంలో ఈ ఆకులకూ, వీటిని వెనక్కి నెట్టిన క్యాబేజీకీ మధ్య తేడా చాలా పెద్దది. 100 గ్రాముల పచ్చి క్యాబేజీలో కాల్షియం సుమారు 40 మిల్లీగ్రాములు, ఇనుము అర మిల్లీగ్రాము లోపు. అంతే తూకం పచ్చి పరింటాకులో కాల్షియం 200 మిల్లీగ్రాములు దాటుతుంది, ఇనుము దాదాపు 5 మిల్లీగ్రాములు. తోటకూరలోనూ కాల్షియం దాదాపు ఆ స్థాయిలోనే ఉంటుంది. ఆకులలోని ఇనుము మాంసంలోని ఇనుమంత తేలిగ్గా ఒంటికి పట్టదన్న మాట గుర్తుంచుకున్నా ఈ అంతరం చెరగదు. వ్యవసాయపరంగానూ వీటికి బలం ఉంది. వామింట, తోటకూరలు వేడినీ మండుటెండనూ ఇతర ఆకుకూరల కన్నా బాగా వాడుకోగల కిరణజన్య సంయోగ పద్ధతి గలవి. బొబ్బర నేలలో నత్రజనిని నిలుపుతుంది. ఎరువు కొనలేని రైతుకు ఇవి చిన్న విషయాలు కావు.

ఇన్ని గుణాలున్న కూరలు వెనకబడటానికి కారణం రుచి ఒక్కటే కాదు. 1901లో మొంబాసా నుంచి వచ్చిన రైలు మార్గం కిసుము చేరింది. దాని వెంట వలస పాలన, మిషన్ పాఠశాలలు, తెల్ల మొక్కజొన్న, యూరప్ కూరగాయలు వచ్చాయి. జొన్న, రాగి చేల స్థానంలో మొక్కజొన్న విస్తరించింది. వ్యవసాయ విస్తరణ సిబ్బంది శుభ్రమైన చేను అంటే పైరు తప్ప మరేదీ లేని చేను అని బోధించారు. ఆ లెక్కలో డెక్, ఒసుగా, అతిపా అన్నీ కలుపు మొక్కలే. క్యాబేజీ, సుకుమా వికి అనే కేల్ ఆకు చదువుకొన్నవారి తిండిగా, విత్తనం కొని పెంచేవిగా పేరు తెచ్చుకున్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ తీర్పు మారలేదు. వ్యవసాయ కళాశాలల పాఠాల్లో దశాబ్దాల పాటు ఈ మొక్కలు కలుపుల అధ్యాయంలోనే కనిపించాయి. అంతకన్నా లోతైన దెబ్బ నేల నుంచి వచ్చింది. జనాభా పెరిగి కమతాలు చీలిపోయాయి. సర్వేలు జరిగి వ్యక్తిగత పట్టాలు వచ్చాయి. పాడుపెట్టే చేలు, ఉమ్మడి మేత బీళ్లు తగ్గాయి. కిసుము దగ్గరి న్యాండో లోయలో చెరకు తోటలు వ్యాపించాయి. పరాయి వారి చేలోకి వెళ్లి ఆకు కోసుకోవడానికి ఒకప్పుడు అడ్డు చెప్పేవారు కారు, కంచె పడ్డాక ఆ హక్కు మెల్లగా పోయింది. కలుపు మందులు వచ్చిన చోట విత్తకుండా మొలిచే కూర పూర్తిగా పోతుంది.

సరస్సు వైపు నుంచీ ఒత్తిడి వచ్చింది. 1950ల దశకంలో విక్టోరియా సరస్సులోకి నైల్ పెర్చ్ చేపను వదిలాక స్థానిక చేపజాతులు ఎన్నో క్షీణించాయి. తరువాతి దశాబ్దాల్లో ఆ పెద్ద చేప ఎగుమతి సరుకైంది. ఒడ్డున ఉన్న కుటుంబాలకు మిగిలినది ఎక్కువగా ఒమేనా అనే చిన్న వెండిరంగు చేప. చేప ఖరీదైన కొద్దీ ఆకుకూర మీద భారం పెరిగింది. అదే కాలంలో ఆకుకూర దొరికే నేల తగ్గింది. ఇంతలో హెచ్‌ఐవీ లువోలు ఉండే న్యాంజా ప్రాంతాన్ని దేశంలో మరెక్కడా లేనంతగా దెబ్బతీసింది. 2007 నాటి జాతీయ సర్వేలో అక్కడి వయోజనుల్లో సుమారు 15 శాతం మందికి ఆ వైరస్ సోకినట్టు తేలింది. నడివయసు తల్లులు పోయిన ఇళ్లలో మనవలను పెంచినవారు అమ్మమ్మలు, నాయనమ్మలు. జబ్బుపడిన వారి బలానికి ఈ కూరలు తినమన్న సలహా ఆ సంవత్సరాల్లోనే ఊరూరా వినిపించింది. ఆకుకూరల జ్ఞానం చేలో తల్లి వెంట నడిచి నేర్చుకొనేది గనుక, ఒక తరం మధ్యలో తెగిపోవడం ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. కొన్ని ఇళ్లలో ముసలివారే మళ్లీ గురువులయ్యారు, ఆ అవకాశం లేని ఇళ్లలో గొలుసు అక్కడితో తెగింది.

పునరుద్ధరణ కథలో ముందుగా చెప్పుకోవలసిన పేరు ఆచార్య మేరీ అబుకుత్సా ఒన్యాంగో. పశ్చిమ కెన్యాలో పుట్టిన ఈ ఉద్యాన శాస్త్రవేత్తకు చిన్ననాట పాలు, గుడ్లు, చేప, మాంసం పడేవి కావు. అందువల్ల ఆకుకూరలే ఆమె తిండి అయ్యాయి. మసేనో విశ్వవిద్యాలయంలోనూ తరువాత జోమో కెన్యాట్టా వ్యవసాయ సాంకేతిక విశ్వవిద్యాలయంలోనూ పనిచేస్తూ డెక్, ఒసుగా, మితో వంటి వాటి విత్తన నాణ్యత, సాగు, పోషకాల మీద ఆమె దశాబ్దాలుగా పరిశోధన సాగించారు. 2010లో ఆఫ్రికన్ యూనియన్ ఆమెకు క్వామే ఎన్‌క్రుమా పేరిట ఉన్న శాస్త్ర పురస్కారాన్ని ఇచ్చింది. 1990ల చివరి నుంచి పంటల వైవిధ్యం మీద పనిచేసే బయోవర్సిటీ ఇంటర్నేషనల్ సంస్థ, కెన్యా జాతీయ మ్యూజియాలు కలిసి ఈ కూరల మీద విస్తృత ప్రచారం నడిపాయి. నైరోబీ సూపర్ మార్కెట్లు రైతు బృందాల దగ్గర కొనడం మొదలుపెట్టాయి. టాంజానియాలోని అరూషాలో ఉన్న ప్రపంచ కూరగాయల కేంద్రం మెరుగుపరచిన రకాలను రూపొందించింది. సంప్రదాయ ఆహారాలను కాపాడటంలో కెన్యా సాగించిన కృషిని 2021లో యునెస్కో ఉత్తమ పరిరక్షణ పద్ధతుల జాబితాలో చేర్చింది. ఈ పని చేసినవారి కృషిని తక్కువ చేయడం అన్యాయం. వారు లేకపోతే డెక్ ఈరోజు కూడా కలుపు మొక్కగానే మిగిలేది.

అయితే సంత కొన్నింటినే ఎంచుకుంటుంది. కట్టలుగా కట్టడానికి వీలైనది, ఒక రోజు ప్రయాణానికి వాడనిది, గింజ దొరికేది, ఏడాది పొడవునా పండేది మాత్రమే సరుకు కాగలదు. అపోథ్, బో, డెక్, ఒసుగా, ఒడోడో, మితో ఆ పరీక్షలో నెగ్గాయి. అతిపాకు లేత కొసలు గిల్లాలి, అది కట్టకు నిలవదు, తొందరగా వడలిపోతుంది. అవాయో, ఒడియెలో ప్రధాన కూరలు కావు, ఇతర ఆకులకు రుచినీ పరిమాణాన్నీ ఇచ్చే తోడు ఆకులు. తోడు ఆకుకు సంతలో ధర పలకదు. ఇప్పుడు కిసుము నగరంలోని కిబుయే వంటి సంతల్లో అమ్మే డెక్, ఒసుగాలలో చాలా భాగం పొరుగు జాతివారు ఉండే కిసీ కొండల నుంచి వచ్చేవే. అక్కడి రైతులకు అది మంచి ఆదాయం, దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ లువో ఇల్లు చేలో కోసుకున్న కూరను ఇప్పుడు డబ్బిచ్చి కొనుక్కుంటోందన్నమాట. డబ్బు లేని ఇంటికి ఆకుకూర కూడా దూరమయ్యే పరిస్థితి ఈ మార్పుతోనే మొదలైంది.

రకాల మెరుగుదలలో కూడా ఒక సమస్య ఉంది. నగరం కొనుగోలుదారు కోసం పెద్ద ఆకు, తక్కువ చేదు కావాలి. చేదు తగ్గిన ఒసుగాకు మితో, అపోథ్‌లతో కలిపి వండే కళ అక్కరలేదు. కళ అక్కరలేనప్పుడు ఆ తోడు ఆకులూ అక్కరలేదు. ఏ ఆకు ఏ ఆకుతో చేరాలన్న జ్ఞానం నిజానికి రక్షణ కూడా. కామంచి జాతుల పచ్చికాయల్లో విష పదార్థాలు ఉంటాయి. మితో ప్రజాతికి చెందిన కొన్ని మొక్కలు పశువుల కాలేయాన్ని పాడుచేస్తాయి. తినేదేదో, దాన్ని పోలినది ఏదో తెలిసినవారు తగ్గినప్పుడు విత్తకుండా మొలిచిన ఆకును కోయడానికి కొత్త తరం జంకడం సహజమే. విత్తనం సంగతీ అంతే. కెన్యా విత్తన చట్టం 2012 సవరణ తరువాత ధ్రువీకరణ లేని విత్తనాల అమ్మకాన్ని నేరంగా చూసింది, 2025లో హైకోర్టు ఆ నిబంధనలను కొట్టివేసింది. ఊరి సంతలో చెంచాలతో కొలిచి డెక్ గింజ అమ్మే ముసలమ్మ ఆ చట్టం ఎదుట అంతకాలం ఎక్కడ నిలబడిందన్నది గట్టిగా అడగవలసిన ప్రశ్న.

తెలంగాణలో జహీరాబాద్ ప్రాంతపు మెట్టచేలలో ఇదే ప్రశ్న మరొక రూపంలో కనిపిస్తుంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా రైతులు జొన్న, కంది చేలలో తానుగా మొలిచే జొన్నచెంచలి, తుమ్మి, గునుగు, దొగ్గలి వంటి కూరలను గుర్తించి, వండి చూపి, వాటికి కలుపు అన్న పేరు తగదని చాలాకాలంగా చెబుతున్నారు. ఆ అనుభవం చెప్పేది ఏమిటంటే, ఈ కూరలను విడిగా ఒక్కొక్క మొక్కగా కాపాడటం కుదరదు. కలగలుపు పంటల చేను ఉంటేనే, కలుపు మందు పడకుంటేనే, పక్కవారి చేలో ఆకు కోసుకొనే మర్యాద బతికి ఉంటేనే అవి మొలుస్తాయి.

సియాయా కౌంటీలోని బోండో ప్రాంతంలో కెన్యా, డెన్మార్క్ పరిశోధకులు రెండు దశాబ్దాల కిందట బడిపిల్లలతో ఒక ప్రయత్నం చేశారు. బడి ఆవరణలో సంప్రదాయ కూరలను పిల్లలే పెంచి, వండించుకొని తిన్నారు. పెద్దల కూర పాఠ్యాంశమైతే దాని మీద ఉన్న చిన్నచూపు తగ్గుతుందన్నది అక్కడి ఆలోచన, ఆ దారి సరైనదే. అయితే బడి మడిలో డెక్, అపోథ్ పెరుగుతాయి గానీ, అతిపా కోసం, అవాయో కోసం పిల్లలు వానకాలం మొదటి కలుపు నాటికి చేలోకే వెళ్లాలి. ఏది తీయాలో, ఏది ఉంచాలో చూపించగల మనిషి పక్కన ఉండాలి. ఇందుకు కొత్త విత్తనమో కొత్త సూపర్ మార్కెట్టో అక్కరలేదు. ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటిన స్త్రీలు చేలలో నడవగలిగినంత కాలం వారి వెంట వెళ్లి నేర్చుకొనేవారు కావాలి. వ్యవసాయ శాఖ విస్తరణ సిబ్బంది మొక్కజొన్న రైతుకు కలుపు మందు సిఫారసు చేసే ముందు ఆ చేలో ఏయే కూరలు మొలుస్తున్నాయో అడిగి రాసుకోవాలి. సియాయా, హోమా బే కౌంటీలలో ఈ పని మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.